తగ్గినట్టే తగ్గి మళ్లీ వాచిన బీజం: పురుష జననేంద్రియ క్షయ కేస్ స్టడీ

రోగి వయసు 36. గుంటూరు మిర్చి యార్డులో కాయల గ్రేడింగు పని. ఎడమ బీజం వాపుతో అయిదు నెలలుగా మందులు మింగుతున్నారు. ఎపిడిడిమిస్ (వృషణం వెనక శుక్రకణాలు నిలవుండే నాళాల చుట్ట) క్షయ మన దగ్గర అరుదేమీ కాదు. కానీ ఈ కేసులో నిర్ధారణ ఎక్కడ ఇరుక్కుపోయిందో చాలా స్పష్టంగా కనిపిస్తుంది: లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ దగ్గర. అందుకే వివరంగా రాస్తున్నాం. రోగిని గుర్తుపట్టే వివరాలు మార్చాం.

వచ్చేసరికి జరిగినవి

మొదట్లో నొప్పి పెద్దగా లేదు, కిందికి లాగుతున్నట్టు బరువుగా ఉండేది. ఒక క్లినిక్‌లో ఎపిడిడిమో ఆర్కైటిస్ (ఎపిడిడిమిస్, వృషణాల ఇన్ఫెక్షన్ వాపు) అని లెవోఫ్లాక్సాసిన్ 500 మి.గ్రా. రోజుకొకటి చొప్పున పది రోజులు ఇచ్చారు. వారంలో వాపు సగానికి తగ్గింది. మూడు వారాలకు మళ్లీ వచ్చింది. ఈసారి ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర రెండు వారాలు. మళ్లీ తగ్గింది, మళ్లీ వాచింది. మరోచోట వరిబీజం అనుకుని డీఈసీ (బోదకాలు మందు) వాడించారు. డెల్టా పల్లెల్లో బీజం వాపు అనగానే బోదకాలు గుర్తుకు రావడం సహజమే. నాలుగో నెలలో వృషణ సంచి వెనకవైపు చిన్న పుండు పడి పలచటి చీము కారడం మొదలైంది. ఆపరేషన్ చేసి బీజం తీసేయాలని ఎవరో చెబితే, రెండో అభిప్రాయం కోసం వచ్చారు.

తనంతట తాను చెప్పినవి ఇంతే. అడిగితే బయటికొచ్చినవి వేరే ఉన్నాయి. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోంది. బరువు 59 నుంచి 54 కిలోలకు పడిపోయింది. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నారు. వీర్యం ఒకటి రెండు చుక్కలకు మించి రావడం లేదు. దగ్గు సంగతి అడిగితే, "మిర్చి ఘాటుకి యార్డులో అందరికీ దగ్గేనండీ" అని తోసేశారు. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు టీబీ మందులు వాడారు. ఆరేళ్ల పాప ఉంది. రెండో బిడ్డ కోసం మూడేళ్లుగా ప్రయత్నిస్తున్నారు. ఈ మూడేళ్లలో పరీక్షలన్నీ భార్యకే చేయించారు, వీర్య పరీక్ష ఒక్కసారి కూడా జరగలేదు. ఇది ఈ ఒక్క ఇంటి కథ కాదని చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మరో ప్రశ్న తప్పనిసరి: మూత్రాశయ క్యాన్సర్‌కి బీసీజీ (బలహీనపరిచిన క్షయ జాతి బ్యాక్టీరియా) ఎక్కించారా? ఈయనకు లేదు. ఎక్కించిన వాళ్లలో ఎపిడిడిమిస్‌లో పెరిగేది బీసీజీ బ్యాక్టీరియానే కావచ్చు. దాని మీద పైరజినమైడ్ అనే క్షయ మందు సహజంగానే పనిచేయదు, కాబట్టి మందుల కూర్పే మారిపోతుంది.

చేతికి తెలిసినవి

నిలబెట్టి, తర్వాత పడుకోబెట్టి చూశాం. ఎడమ ఎపిడిడిమిస్ తోక భాగం మూడు సెంటీమీటర్ల మేర గట్టిగా, గరుకుగా ఉంది. ముట్టుకుంటే పెద్దగా నొప్పి లేదు. ముందున్న వృషణం విడిగా, మెత్తగా, మామూలుగా తగిలింది. శుక్రవాహికను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని కిందినుంచి పైకి జరిపితే రుద్రాక్ష మాలలా ముడులు ముడులుగా తగిలింది. కుడివైపు కూడా తోక కాస్త మందంగా ఉంది. రోగి ఆ వైపు నొప్పి ఎప్పుడూ చెప్పలేదు. మలద్వారం ద్వారా చూస్తే ప్రోస్టేట్‌లో గట్టి గడ్డలు, నొప్పి లేదు.

క్షయ ముందుగా తోకనే పట్టుకోవడానికి రెండు కారణాలు చెబుతారు: ఆ భాగానికి రక్త సరఫరా ఎక్కువ, ప్రోస్టేట్ నుంచి శుక్రవాహిక గుండా వెనక్కి వచ్చే సూక్ష్మజీవులు మొదట చేరేది కూడా అక్కడికే. వృషణానికి సాధారణంగా పక్కనుంచి పాకి వస్తుంది. అందుకే వృషణం బాగుండి ఎపిడిడిమిస్ మాత్రమే గట్టిపడితే అనుమానం క్షయవైపు మొగ్గాలి. వెనకవైపు పుండు, ముడులు పడ్డ శుక్రవాహిక తోడైతే ఇంకెటూ చూడక్కర్లేదనిపిస్తుంది. అయినా చూడాలి.

ఏవి కావని తేల్చుకున్నాం

వృషణ క్యాన్సర్ ముందు తేలాలి. అది ఉండే అవకాశం ఉన్నంతవరకు సంచి చర్మం మీదుగా సూది గుచ్చకూడదు, కోయకూడదు. కణితి ఉంటే కణాలు చర్మంలోకి, గజ్జ గ్రంథులకు పాకే దారి మనమే తీసినట్టవుతుంది. ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ (వృషణ క్యాన్సర్‌ను సూచించే రక్త పరీక్షలు) మామూలుగా ఉన్నాయి. అల్ట్రాసౌండ్‌లో రెండు వృషణాలూ శుభ్రంగా ఉన్నాయి. ఎడమ ఎపిడిడిమిస్ తోక మచ్చలు మచ్చలుగా, ఎగుడుదిగుడు నలుపులో ఉంది. చుట్టూ కొద్దిగా నీరు, అందులో సన్నటి పొరలు. డాప్లర్‌లో రక్తప్రవాహం అంచుల్లోనే కనిపించింది. చీము పట్టే మామూలు ఇన్ఫెక్షన్‌లో అయితే ఎపిడిడిమిస్ అంతా ఒకే తీరుగా వాచి, డాప్లర్‌లో మొత్తం వెలిగిపోతుంది.

బోదకాలు కోసం రాత్రి పది తర్వాత తీసిన రక్తంలో మైక్రోఫైలేరియా (బోదకాలు పురుగు పిల్లలు) లేదు, అల్ట్రాసౌండ్‌లో కదిలే పురుగులు లేవు. బోదకాలు ఎక్కువగా నీరు పట్టించి, వృషణ తాడులోని లింఫ్ నాళాలను ఉబ్బిస్తుంది. ఇలా వెనకవైపు చీము పుండు పడటం దాని లక్షణం కాదు. పశువులతో పని లేదు, బ్రూసెల్లా పరీక్ష నెగటివ్. హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ పరీక్ష) నెగటివ్. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) మాత్రం 9.1. షుగర్ ఉన్న సంగతి ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఛాతీ ఎక్స్‌రేలో కుడి పైభాగాన పాత మచ్చ ఉంది. కఫం సీబీనాట్ (క్షయ బ్యాక్టీరియా డీఎన్‌ఏను పట్టే పరీక్ష) నెగటివ్. జననేంద్రియ క్షయ ఉన్నవాళ్లలో చాలామందికి ఊపిరితిత్తుల్లో ఏమీ కనబడదు, కాబట్టి ఎక్స్‌రే బాగుందని వదిలేయకూడదు. బాగా లేకపోతే మాత్రం కఫం తప్పక పంపాలి. ఇంట్లో వాళ్ల రక్షణ దాని మీదే ఆధారపడి ఉంటుంది.

నమూనాల దగ్గర జరిగే పొరపాట్లు

మూత్రం మామూలు పరీక్షలో పీహెచ్ 5.5, చీము కణాలు హై పవర్ ఫీల్డుకి 25 నుంచి 30, ఎర్ర కణాలు 8 నుంచి 10. మామూలు కల్చర్‌లో ఏమీ పెరగలేదు. చీము కణాలు ఇన్ని ఉండి కల్చర్ శూన్యంగా ఉంటే, క్షయ కోసం నమూనా వెళ్లాల్సిందే. చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, 'కల్చర్ నెగటివ్' అన్న రిపోర్టు చూసి ఇన్ఫెక్షన్ లేదనుకుని ఫైలు మూసేస్తారు.

మూత్రంలోకి క్షయ బ్యాక్టీరియా రోజూ ఒకేలా రాదు, విడతలు విడతలుగా వస్తుంది. అందుకే వరసగా మూడు రోజులు, వీలైతే అయిదు రోజులు, తెల్లవారి లేవగానే పోసే మూత్రం 40, 50 మి.లీ. తీసుకోవాలి. 24 గంటల మూత్రం పట్టకండి: డబ్బాలో గంటలు గంటలు నిలవున్న మూత్రంలో క్షయ బ్యాక్టీరియా చనిపోతుంది, వేరే సూక్ష్మజీవులు పెరుగుతాయి. తీసిన నమూనా వెంటనే ల్యాబుకు చేరాలి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టాలి. ల్యాబులో దాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున చేరిన దాన్ని పరీక్షించాలి. తిప్పకుండా నేరుగా పైనుంచి ఒక మి.లీ. తీసి సీబీనాట్‌లో వేస్తే నెగటివ్ వచ్చినా దానికి విలువ లేదు.

మూడు నమూనాల్లోనూ ఏఎఫ్‌బీ స్మియర్ (రంగు వేసి మైక్రోస్కోపులో క్షయ బ్యాక్టీరియాను వెతకడం) నెగటివ్. ఇందులో ఆశ్చర్యం లేదు. స్మియర్‌లో కనబడాలంటే మి.లీ.కు కనీసం 5,000 నుంచి 10,000 బ్యాక్టీరియా ఉండాలి. సీబీనాట్‌లో వాడే ఎక్స్‌పర్ట్ ఎంటీబీ/రిఫ్ క్యాట్రిడ్జ్‌కి 130 చాలు, అల్ట్రాకు 16 సరిపోతుంది. మరోవైపు, మూత్రం స్మియర్ పాజిటివ్ వచ్చినా దాన్ని ఒక్కదాన్నే నమ్మి మందులు మొదలుపెట్టకూడదు. ముందుచర్మం కింద సహజంగా ఉండే స్మెగ్మాటిస్ అనే బ్యాక్టీరియా కూడా అదే రంగు పట్టుకుంటుంది. నమూనా ఇచ్చే ముందు చర్మం వెనక్కి లాగి సబ్బుతో కడుక్కోమని చెప్పడం అందుకే.

సీబీనాట్‌లో మొదటి, మూడో నమూనాలు నెగటివ్. రెండోది 'చాలా తక్కువ' స్థాయిలో పాజిటివ్, రిఫాంపిసిన్ (ప్రధాన క్షయ మందు) నిరోధకత 'తేల్చలేం' అని వచ్చింది. ఒక్క నమూనాతో ఆగి ఉంటే ఈ కేసు నెగటివ్‌గానే మిగిలేది. బ్యాక్టీరియా మరీ తక్కువ ఉన్నప్పుడు రిఫాంపిసిన్ జవాబు రాకపోవడం మామూలే. 'తేల్చలేం' అంటే నిరోధకత ఉందని అర్థం కాదు, ఇంకో నమూనా కావాలని అర్థం.

ఆ నమూనా ఎపిడిడిమిస్ నుంచి తీశాం. వృషణం శుభ్రమని అప్పటికే తేలింది కాబట్టి 23 గేజ్ సూదితో ఎఫ్‌ఎన్‌ఏసీ (కణాలు లాగి చూసే పరీక్ష). మొదటి గుచ్చులో వచ్చిన దాంతో నాలుగు స్లైడ్లు: రెండు ఆరబెట్టి, రెండు ఆల్కహాల్‌లో. వాటిలో ఒకటి క్షయ బ్యాక్టీరియాను చూపే జీల్ నీల్సన్ రంగుకి. రెండో గుచ్చులో వచ్చినదంతా స్టెరైల్ డబ్బాలోని రెండు మి.లీ. సెలైన్‌లోకి. దీన్ని మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది: సీబీనాట్‌కి, కల్చర్‌కి వెళ్లేది సెలైన్‌లోనే వెళ్లాలి. ఫార్మలిన్‌లో పడ్డ ముక్కలో బ్యాక్టీరియా బతకదు, కల్చర్ పెరగదు. ఆపరేషన్ థియేటర్‌లో తీసిన గడ్డ మొత్తాన్ని అలవాటుగా ఫార్మలిన్ సీసాలో వేసేయడం, నెల తర్వాత గ్రాన్యులోమా (క్షయలో కనిపించే కణాల ముద్ద) అని రిపోర్టు రావడం, మందులకు లొంగుతుందో లేదో తెలుసుకునే దారి అప్పటికే మూసుకుపోవడం మన ఊళ్లలో తరచూ జరిగేదే. కారుతున్న పుండు నుంచి దూదిపుల్లతో తుడిచిన నమూనా కూడా పనికిరాదు. దూది బ్యాక్టీరియాను పట్టి ఉంచేస్తుంది, చర్మం మీది సూక్ష్మజీవులను మాత్రం మోసుకొస్తుంది.

ఎఫ్‌ఎన్‌ఏసీలో ఎపిథీలియాయిడ్ గ్రాన్యులోమాలు, కేసియస్ నెక్రోసిస్ (జున్నులా చచ్చిపోయిన కణజాలం). సీబీనాట్ పాజిటివ్, రిఫాంపిసిన్ నిరోధకత లేదు. ఎంజీఐటీ లిక్విడ్ కల్చర్ 19వ రోజున పెరిగింది. ఆ కల్చర్ మీద చేసిన లైన్ ప్రోబ్ (మందుల నిరోధకతను జన్యువుల్లో వెతికే) పరీక్షలో మరో ప్రధాన మందు ఐసోనియాజిడ్‌కీ లొంగుతుందని తేలింది. నెగటివ్ అనడానికి ఎంజీఐటీలో 42 రోజులు ఆగాలి.

సగం తగ్గడమే మోసం

క్వినోలోన్లు (లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటివి) క్షయ బ్యాక్టీరియా మీద గట్టిగా పనిచేస్తాయి. పది రోజుల లెవోఫ్లాక్సాసిన్‌తో ఎపిడిడిమిస్ వాపు తగ్గితే మామూలు ఇన్ఫెక్షన్ అని రుజువైనట్టు కాదు. క్షయ అయినా తగ్గుతుంది, కొన్నాళ్లు. ఆ కొన్నాళ్లలో రోగికి ధైర్యం, డాక్టరుకి నమ్మకం వస్తాయి. మూత్రంలో బ్యాక్టీరియా తగ్గి కల్చర్ కూడా పెరగకుండా పోతుంది. ఈ కేసులో రెండుసార్లు అదే జరిగింది.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఒంటరిగా వాడిన క్వినోలోన్ వల్ల దానికి లొంగని రకాలు మిగిలిపోవచ్చు. ఐసోనియాజిడ్ పనిచేయని క్షయకు మనం ఇచ్చే ఆరు నెలల కూర్పులో లెవోఫ్లాక్సాసిన్ ఒక మూలస్తంభం. రిఫాంపిసిన్ పనిచేయని క్షయకు వాడే బీపాల్ఎమ్ అనే మందుల కూర్పులో మరో క్వినోలోన్, మాక్సిఫ్లాక్సాసిన్ ఉంది. రేపు కావాల్సిన మందును ఈ రోజు బీజం వాపు మీద ఖర్చుపెడుతున్నామన్నమాట. ఈ రోగికి క్వినోలోన్ అవసరం పడలేదు, కానీ రెండు కోర్సులు వాడిన చరిత్ర ఉంది కాబట్టి రెండో వరస లైన్ ప్రోబ్ కూడా అడిగాం. క్వినోలోన్ నిరోధకత లేదు.

మా అభిప్రాయం ఇది. బీజం వాపుకి యాంటీబయాటిక్ రాసే ముందే మూత్రం పరీక్షకు, కల్చర్‌కు వెళ్లాలి. చిన్న వయసు, లైంగిక సంబంధాల వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్ అనిపిస్తే సెఫ్ట్రియాక్సోన్ 500 మి.గ్రా. ఇంజెక్షన్ ఒకటి, డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకి రెండుసార్లు పది రోజులు. వీటివల్ల క్షయ నిర్ధారణ మసకబారే భయం క్వినోలోన్లంత ఉండదు. మూడు రోజుల్లో మలుపు తిరగకపోతే మళ్లీ చేయి పెట్టి చూడాలి. తగ్గి మళ్లీ వస్తే రెండో క్వినోలోన్ కోర్సు రాయకుండా, తెల్లవారుజాము మూత్రం మూడు డబ్బాలు రాయాలి.

కిడ్నీలు చూడకుండా మందు మొదలుపెట్టొద్దు

మూత్రంలో చీము కణాలున్నాయి కాబట్టి సీటీ యూరోగ్రామ్ చేశాం. ఎడమ కిడ్నీ కింది కేలిక్స్ (మూత్రం చేరే గిన్నెలాంటి భాగం) మెడ సన్నబడి ఉబ్బింది, ఎడమ యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళం) కింది చివర కొద్దిగా ఇరుకుగా ఉంది. క్రియాటినిన్ 1.1. ఎపిడిడిమిస్‌తో వచ్చిన రోగిలో కిడ్నీ జబ్బు ఇలా నొప్పి లేకుండా దాగి ఉండటం మామూలే.

చికిత్స

జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం ప్రకారం రోజూ వేసుకునే మాత్రలు, బరువును బట్టి. 54 కిలోలంటే 50 నుంచి 64 కిలోల వరుస, రోజుకి నాలుగు మాత్రలు. నాలుగు మందులు కలిసిన ఒక్కో మాత్రలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మి.గ్రా. నాలుగూ ఒకేసారి, పరగడుపున. ఇలా 56 డోసులు, తర్వాత పైరజినమైడ్ లేని మాత్రలు 112 డోసులు. షుగర్ ఉంది కాబట్టి పిరిడాక్సిన్ (విటమిన్ బి6) 25 మి.గ్రా. తోడుగా. మాత్రలు రెండుపూటలా విడగొట్టుకుని వేసుకుంటున్నారేమో అడగాలి. 'వేడి చేస్తుంది' అని చాలామంది అలా చేస్తారు, దాంతో రిఫాంపిసిన్ రక్తంలో చేరాల్సిన స్థాయికి చేరదు.

మూత్రం, చెమట నారింజ రంగులో వస్తాయని ముందే చెప్పాం. వీర్యం రంగు కూడా మారవచ్చని చెప్పకపోతే రక్తం అనుకుని మందు ఆపేస్తారు. ఇథాంబుటాల్ చూపును దెబ్బతీస్తోందేమో చూడటానికి మొదట్లో, ఆ తర్వాత ప్రతి నెలా ఒక్కో కన్ను మూసి పేపరు చదివించి, రంగుల పుస్తకం చూపించాం. యార్డులో ఎర్ర కాయ నుంచి తాలు కాయ వేరుచేసేవాళ్లకు ఎరుపు మసకబారితే డాక్టరు కంటే ముందే తెలుస్తుంది, ఆ మాటే ఆయనకూ చెప్పి పంపాం. మద్యం పూర్తిగా బంద్. ఏఎల్‌టీ (కాలేయ పరీక్ష) మామూలు గరిష్ఠానికి, లక్షణాలుంటే మూడు రెట్లు, లేకున్నా అయిదు రెట్లు దాటితే మందులు ఆపాలి. ఈయనకు అంతదూరం రాలేదు.

షుగర్‌కి గ్లిమెపిరైడ్ పెట్టలేదు. రిఫాంపిసిన్ దాన్ని కాలేయంలో త్వరగా కరిగించేస్తుంది. మెట్‌ఫార్మిన్, రాత్రి గ్లార్జిన్ ఇన్సులిన్ 10 యూనిట్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయాం.

నిక్షయ్‌లో (క్షయ రోగుల ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టరు) నమోదు ప్రైవేటు డాక్టర్లకు 2012 నుంచి తప్పనిసరి. పోషకాహార సాయం 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. ఊపిరితిత్తుల బయటి క్షయకు కూడా ఇది వస్తుంది, బ్యాంకు ఖాతా వివరాలు మొదటి రోజే ఎక్కించాలి.

ఆపరేషన్ చేయలేదు. మందులు మొదలుపెట్టకుండా కోస్తే పుండు మానదు, కొత్త పుండు పడుతుంది. మందులు వాడుతున్నా చీముగడ్డ పెరిగితే, పుండు మూసుకోకపోతే ఎపిడిడిమిస్ తీయాలి. వృషణం బాగుంటే దాన్ని ఉంచేయాలి. మొదటి నెలలో గడ్డ కాస్త పెరిగినట్టనిపిస్తే కంగారుపడి మందు మార్చొద్దు, రోగనిరోధక శక్తి తిరిగి లేస్తున్నప్పుడు అలా జరుగుతుంది. ఈయన పుండు ఏడో వారానికి మూసుకుంది.

నాలుగో వారం

క్షయ మానేటప్పుడు మచ్చ కడుతుంది, మచ్చ ముడుచుకుంటుంది. యురేటర్‌లో అది జరిగితే కిడ్నీ మూత్రంతో నిండి చడీచప్పుడు లేకుండా పోతుంది. రోగి బరువు పెరిగి, జ్వరం తగ్గి, 'బ్రహ్మాండంగా ఉందండీ' అంటున్న రోజుల్లోనే ఇది జరుగుతుంది. అందుకే యురేటర్ ఇరుకుగా ఉన్నవాళ్లకు నాలుగో వారంలో అల్ట్రాసౌండ్ పెట్టుకోవాలి.

ఈయనకు ఎడమ కిడ్నీ ఉబ్బు పెరిగింది, క్రియాటినిన్ 1.3 అయింది. 6 ఫ్రెంచ్ డీజే స్టెంట్ (యురేటర్‌ను తెరిచి ఉంచే సన్నటి గొట్టం) వేశాం. మూడు నెలల తర్వాత తీసి రంగు ఎక్కించి చూస్తే అది అడ్డు లేకుండా దిగింది. ప్రెడ్నిసోలోన్ (స్టెరాయిడ్) ఇవ్వాలా అన్న ప్రశ్న వచ్చింది. ఆధారాలు బలహీనం, హెచ్‌బీఏ1సీ 9.1, స్టెంట్ ఉండగా అవసరం కనబడలేదు.

వీర్యం సంగతి

మందులకు ముందు వీర్య పరీక్షలో పరిమాణం 0.6 మి.లీ., పీహెచ్ 6.8, ఫ్రక్టోజ్ లేదు, సెంట్రిఫ్యూజ్ చేసినా శుక్రకణాలు లేవు. తక్కువ పరిమాణం, ఆమ్ల గుణం, ఫ్రక్టోజ్ లేకపోవడం మూడూ కలిస్తే స్ఖలన నాళాలు మూసుకున్నట్టే. షుగర్ ఉంది కాబట్టి వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోతోందేమో చూడాలి. స్ఖలనం తర్వాతి మూత్రంలో శుక్రకణాలు లేవు. ఎఫ్‌ఎస్‌హెచ్ (శుక్రకణాల తయారీని నడిపే హార్మోన్) మామూలే, వృషణాల పరిమాణం మామూలే. అంటే తయారీ జరుగుతోంది, దారి మూసుకుంది.

ఆరు నెలల తర్వాతా ఫలితం మారలేదు. దీన్ని దంపతులకు మొదటి రోజే చెప్పాలి: మందు బ్యాక్టీరియాను చంపుతుంది, మచ్చను తెరవదు. శుక్రవాహికలో ఎన్నోచోట్ల ముడులు పడ్డప్పుడు ఒకచోట కోసి కలిపితే లాభం లేదు. స్ఖలన నాళం తెరిచే ఆపరేషన్ కూడా పైన శుక్రవాహిక మూసుకుని ఉన్నప్పుడు వృథా. మిగిలిన దారి వృషణం నుంచి సూదితో శుక్రకణాలు తీసి ఇక్సీ (శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి) చేయడం, అదీ కోర్సు పూర్తయి మూత్రం కల్చర్ నెగటివ్ అయ్యాక.

వీర్యం ద్వారా భార్యకు సోకడం అరుదు, కానీ వైద్య సాహిత్యంలో నమోదైంది. మొదటి రెండు నెలలు, కల్చర్ నెగటివ్ అయ్యేదాకా కండోమ్ వాడమన్నాం. భార్యకు, పాపకు లక్షణాలు అడిగి, ఛాతీ ఎక్స్‌రే తీశాం. మూడేళ్లుగా గర్భం రాలేదు కాబట్టి భార్యకు గర్భాశయ క్షయ కోణంలోనూ గైనకాలజిస్టు చూశారు, ఏమీ లేదు.

ఎక్కడిదాకా వచ్చింది

రెండో నెలకి మూత్రంలో చీము కణాలు పోయాయి. రెండో నెల, ఆరో నెల కల్చర్లు నెగటివ్. బరువు 61 కిలోలు; అదే వరుసలో ఉన్నారు కాబట్టి మాత్రల సంఖ్య మారలేదు. చనిపోయిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ మూత్రంలో నెలల తరబడి ఉంటుంది, అందుకే తగ్గిందో లేదో చూడటానికి సీబీనాట్ మళ్లీ చేయలేదు. మందులకు లొంగే రకం, కల్చర్లు నెగటివ్, కాబట్టి తొమ్మిది నెలలకు పొడిగించకుండా ఆరు నెలలకే ఆపాం.

ఎడమ తోకలో 1.2 సెంటీమీటర్ల గట్టి ముద్ద ఇంకా ఉంది. అది మచ్చ. దాన్ని చూసి మందులు మళ్లీ మొదలుపెట్టొద్దని డిశ్చార్జ్ కాగితం మీదే రాసిచ్చాం, వేరే డాక్టరు చేయి పెట్టినప్పుడు గందరగోళం లేకుండా. కిడ్నీ అల్ట్రాసౌండ్, క్రియాటినిన్, మూత్ర పరీక్ష కోర్సు ముగిసిన మూడో, ఆరో, పన్నెండో నెలల్లో. మూడో నెలది అయింది, ఎడమ కిడ్నీ ఉబ్బు మొదటి సీటీలో ఉన్నంతే, క్రియాటినిన్ 1.0. హెచ్‌బీఏ1సీ 7.2. ఇక్సీ కోసం విజయవాడలోని కేంద్రానికి కాగితాలు రాసిచ్చాం. కల్చర్ రిపోర్టులు రెండూ వాటికి జతచేశాం, అవి లేకుండా వాళ్లు ముందుకెళ్లరు.